గుండ్లకమ్మ రేవు

నార్వే రక్షక పునీతుడు ఓలఫ్ ఒక రాజు. 1030లో స్టిక్లెస్టాడ్ యుద్ధంలో చనిపోయాడు. ఆయన సమాధి ఉన్న చోటే ట్రాన్‌హైమ్‌లో నిడారోస్ కెథడ్రల్ కట్టారు.

గిద్దలూరు దగ్గరి కొమరోలు నుంచి అక్కడికి వెళ్లే యాత్రికుడికి తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య గుర్తు రావాలి. ఆయన బాప్టిస్టు; బాప్టిస్టులకు రక్షక పునీతులు లేరు. ఉంటే ఈ ప్రాంతానికి ఆయనే. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. 1866లో బాప్తిస్మం పొంది, ఊరూరా తిరిగి బోధించాడు.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చూశాడు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. గిద్దలూరు వైపు నల్లమలలో పుట్టిన ఏరే అది.

అక్కడ రాజు, ఇక్కడ చెప్పులు కుట్టే పేట. పేరయ్య కథే గొప్పది. ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఆ పేట మనుషులే కథానాయకులు.