సాఫ్ట్‌వేర్ అవసరాల వివరణ

తయారుకాబోయే ప్రోగ్రాం ఏం చెయ్యాలో, ఏం చెయ్యనక్కర్లేదో, డబ్బు పెట్టేవారికీ రోజూ వాడేవారికీ ముందే అర్థమయ్యేలా చెప్పి ఒప్పించుకోవడాన్ని సాఫ్ట్‌వేర్ అవసరాల వివరణ అంటారు. దాన్ని రాసిపెట్టిన పత్రం ఎస్‌ఆర్‌ఎస్, నోటిమాటగా స్పెక్. ఈ పత్రం ఎలా ఉండాలో ఐఈఈఈ సంస్థ 1984లో 830వ నంబరు మార్గదర్శకంలో చెప్పింది. 2011లో దాని స్థానంలోకి 29148 ప్రమాణం వచ్చింది. రెండూ రాసేవారికి అక్కరకొస్తాయి గానీ, చదివి సంతకం పెట్టాల్సిన క్లయింటుకు అంతగా కాదు.

ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖలో రిజిస్ట్రేషన్లను కంప్యూటర్‌లోకి మార్చడానికి 1998 నవంబరు 4న మొదలైన ‘కార్డ్’ పథకం ఇలా ముందే వివరించి ఒప్పించుకోవాల్సిన అవసరాన్ని పెద్ద ఎత్తున ముందుకు తెచ్చింది. అప్పటిదాకా దస్తావేజు నకళ్లను చేత్తో పుస్తకాల్లోకి ఎత్తి రాసేవారు. ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) కావాలంటే పాత సంపుటాలు తిరగెయ్యాల్సి వచ్చేది. ఆ పనిలోని మెలికలు తెలిసినవారు సబ్‌రిజిస్ట్రార్లు, గుమాస్తాలు. ప్రోగ్రాం రాసేవారు వాళ్లనడిగి తెలుసుకోవాల్సిందే.

మెలిక ఎక్కడుంటుందో చూడాలంటే విస్తీర్ణం గడి చాలు. కోనసీమలోని కొత్తపేట రైతు తన తోట రెండెకరాల ఐదు సెంట్లంటాడు. పది సెంట్లు కుంచం కాబట్టి కుంచాల్లోనూ చెప్పొచ్చు. స్పెక్‌లో ‘విస్తీర్ణం: దశాంశ సంఖ్య’ అని ఉంటే అధికారి తలూపి సంతకం చేస్తారు. తీరా ఆపరేటర్ 2.5 అని కొడితే ప్రోగ్రాం రెండున్నర ఎకరాలుగా తీసుకుంటుంది. అదనంగా 45 సెంట్లు! కోనసీమ కొబ్బరితోటలో అది చిన్న తేడా కాదు. మార్కెట్ విలువా, దాంతో స్టాంపు డ్యూటీ కూడా పెరుగుతాయి. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు కనుక, 2-20 అని రాస్తే అక్కడ నిజంగానే రెండున్నర.

అందుకే వాక్యం కంటే నింపిన నమూనా మేలు. పాత దస్తావేజు ఒకటి తీసుకుని, పేర్లు మార్చి, అందులోని అంకెలతోనే తెర బొమ్మ గీసి, “ఇక్కడ 2.05 అని పడాలి, 2.5 కొడితే ఆపి అడగాలి, అంతేనాండి?” అంటే తప్పుంటే గుమాస్తా వెంటనే పట్టేస్తాడు. సాఫ్ట్‌వేర్ నిపుణుడు డాన్ నార్త్ ప్రచారంలోకి తెచ్చిన ‘ఇలా ఉన్నప్పుడు, ఇలా చేస్తే, ఇలా జరగాలి’ పద్ధతి ఇలాంటి ఉదాహరణనే మూడు ముక్కల్లో రాస్తుంది. ఆ ముక్కలే తర్వాత పరీక్షలకూ పనికొస్తాయి.

మేనేజర్‌కు కావలసింది వేరు: ఖర్చెంత, ఎప్పటికి, మొదటి విడతలో ఏది రాదు. ఈ చివరిది రాయడానికే చాలామంది మొహమాటపడతారు. తగాదాలు ఎక్కువగా పుట్టేదీ అక్కడే. ‘త్వరగా పనిచెయ్యాలి’ లాంటి మాటకు సెకన్ల లెక్క, కరెంటు పోతే సగం నింపిన ఫారం ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు కూడా సంతకానికి ముందే ఉండాలి.