పింగాణీ గిన్నె – మట్టి సట్టి

మన వంటింట్లో పింగాణీకి దక్కిన చోటు ఎంతో ఒక్కసారి చూడండి. ఆవకాయ జాడీ, నాలుగు కప్పులూ సాసర్లూ, అంతే కదా! పింగాణీ అనే మాట కూడా మనది కాదు, పారశీకం నుంచి వచ్చింది. జపాన్ ఇల్లాలికి మాత్రం అన్నం గిన్నె దగ్గర్నుంచి ఊరగాయ పళ్ళెం దాకా మట్టితో చేసినవే.

వాళ్ళకూ ఇది మొదటినుంచీ ఉన్నది కాదు. సామాన్యులు చాలాకాలం కొయ్య గిన్నెల్లోనే తిన్నారు. 1592 నుంచి 1598 దాకా జపాన్ సేనలు కొరియా మీద దండెత్తి, తిరిగి వచ్చేటప్పుడు అక్కడి కుమ్మరులను కూడా పట్టుకొచ్చాయి. వాళ్ళలో ఒకడైన యీ సామ్ ప్యోంగ్ 1616 ప్రాంతంలో అరిటా దగ్గర తెల్లమట్టి కనిపెట్టాడని చెప్పుకుంటారు. చెరపట్టి తెచ్చిన చేతులే జపాన్‌కు పింగాణీ నేర్పాయన్నమాట! ఆ సామాను ఇమారి రేవు నుంచి ఓడలకెక్కింది గనుక దేశదేశాల్లో దానికి ఇమారి అనే పేరు నిలిచింది. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో తెరిచారు. అక్కడ జపాన్ పింగాణీ బోలెడంత ఉన్నది. మనవాళ్ళంతా గడియారం గంట కొట్టే వేళకు అటు పరుగెడతారు గానీ, వీటి ముందు నిలబడేది తక్కువ.

అయితే ఆ పూలూ బంగారు గీతలూ ప్రదర్శనకు. ఇంటి గిన్నె వేరు. అక్కడ ఇంట్లో ఎవరి అన్నం గిన్నె వాళ్ళదే. పగిలితే లక్కతో అతికి, అతుకు మీద బంగారు పొడి అద్దే పద్ధతి కూడా ఉన్నది. మా ఎర్రగుంట్లలో ఇంటింటా నాపరాళ్ళ గచ్చే కదండీ, చేయి జారిందంటే అతకడానికి ముక్క కూడా మిగలదు! భార్యాభర్తలకు జంట గిన్నెలు కూడా అమ్ముతారు. ఆయనది పెద్దది, ఆవిడది చిన్నది. ఏ దేశమైతేనేం లెండి!

మరి మనకు మట్టి తెలియదా? మా కడప జిల్లా శంకవరంలో జంతువు ఆకారంలో కాల్చిన మట్టి శవపేటిక దొరికింది. ఇనుపయుగపు సమాధుల్లో లోపల నలుపు, బయట ఎరుపు వచ్చేలా కాల్చిన గిన్నెలున్నాయి. బోర్లించి కాలిస్తే లోపలికి గాలి అందక నల్లబడుతుందట. పూర్వపు కర్నూలు జిల్లా పాతపాడులో రంగుగీతలు వేసిన పాత్రలే దొరికాయి. ఇంత పనితనం ఉండి, మనం రోజూ తినే కంచం మట్టిది ఎందుకు కాలేదు?

నాకు తోచేది రెండు కారణాలు. ఒకటి వంటచెరకు. పింగాణీ కాలడానికి సుమారు పదమూడు వందల డిగ్రీల వేడి కావాలి. చెత్తా పిడకలూ పేర్చి కాల్చే మన వామికి అందులో సగం పైచిలుకు అందితే గొప్ప. ఈ ఎండిన సీమలో అంత కట్టె ఎక్కణ్ణుంచి తెస్తారు? పూత లేని కుండ చెమర్చబట్టే నీళ్ళు చల్లబడతాయి, మన ఎండలకు కావలసిందీ అదే. రెండోది ఎంగిలి. నూనె, పులుసు పీల్చుకునే మట్టిని ఎంత తోమినా ఎంగిలి పోదని మనవాళ్ళ నమ్మకం. అందుకే సంగటి కుండలో ఉడికినా, ముద్ద మాత్రం విస్తట్లోనో లోహపు కంచంలోనో పడేది. మైల వచ్చిందంటే మొదట బయట పడేసేదీ కుండలే. ఇది శుభ్రతే అనుకున్నా, కుండ చేసినవాడి చేతికి విలువ లేకుండా పోయింది దీనివల్లనే అని నా అభిప్రాయం.

జపాన్‌లోనూ యంత్రాల సరుకు ముంచెత్తినప్పుడు పల్లె కుమ్మరి వెనకబడ్డాడు. యనాగి అనే పండితుడు మిత్రులతో కలసి 1925లో జనకళ అనే అర్థం వచ్చే 'మింగెయ్' అన్న మాట కల్పించి, ఇంటి వాడుక సామానులోని అందం చూపించాడు. 1936లో టోక్యోలో మ్యూజియమే పెట్టాడు. ఆయన స్నేహితుడు హమాదా, నీళ్ళ జాడీలూ వంటింటి పాత్రలూ చేసే మషికో అనే ఊరికి వెళ్ళి స్థిరపడి, అక్కడి మట్టితోనే పనిచేశాడు. 1955లో ప్రభుత్వం ఆయన్ను దేశపు సజీవనిధిగా గుర్తించింది. వేసవిలో వీధిలోకి వచ్చే కుండల బండి దగ్గర మనం వేలితో మీటి, కంగుమంటేనే తీసుకుంటాం. ఆ మోత రప్పించడానికి వామి దగ్గర రాత్రంతా మేలుకున్నదెవరో అడిగి తెలుసుకున్నామా?