మానలేనివాడి చరిత్ర

దుత్తలూరు, వింజమూరు, కలిగిరి, కొండాపురం. ఉదయగిరి నియోజకవర్గంలోని ఈ మండలాల పేర్లు వింటే పాత తరానికి ముందుగా గుర్తొచ్చేది సారా ఉద్యమం. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారాకు అడ్డం నిలబడ్డారు. వర్ధినేని రోశమ్మ దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతటికీ తెలిసింది. ఆ ఆడవాళ్ల మీద పుస్తకాలొచ్చాయి, పరిశోధనలు జరిగాయి. వాళ్ల మొగుళ్ల గురించి మాత్రం కూలి డబ్బు తగలేశారనీ ఇంటికొచ్చి కొట్టారనీ తప్ప ఎవరూ రాయలేదు. అది అబద్ధం కాదు. తగలేశారు, కొట్టారు. అయితే వాళ్లలోనే మానాలని ఉండి మానలేకపోయినవాళ్లూ ఉన్నారు. ఊరూ చట్టమూ వైద్యమూ అలాంటివాణ్ణి ఎప్పుడెలా చూశాయన్నది విడిగా చెప్పుకోవలసిన కథ.

బ్రిటిషువాళ్ల కాలంలో వాడు ఖాతాదారు. 1886 మద్రాసు అబ్కారీ చట్టం తాగుబోతు బాగోగుల గురించి రాసుకున్నది కాదు, రాబడి కోసం రాసుకున్నది. సారా అమ్మే హక్కును వేలం వేసేవారు. పాట పాడుకున్నవాడు పెట్టిన డబ్బు రాబట్టుకోవాలి, అందుకు ఊళ్లో తాగేవాళ్లు పెరగాలి. ఆ లెక్కలో తాగేవాడికి సిగ్గుపడవలసిన పనేమీ లేదు. సిగ్గు ఇంకోచోట నుంచి వచ్చింది. సంస్కరణోద్యమం, ఆ తర్వాత గాంధీ మార్గంలో కల్లు దుకాణాల ముందు పికెటింగులు, కాళ్లకూరి నారాయణరావు ‘మధుసేవ’ లాంటి నాటకాలు కలిసి తాగుడును నీతికి సంబంధించిన వ్యవహారంగా మార్చేశాయి. తాగేవాడు చెడిపోయినవాడు. అంతేగానీ జబ్బుపడ్డవాడన్న ఊహ అప్పటికి రాలేదు.

మద్రాసు ప్రధానిగా రాజాజీ 1937 అక్టోబర్ 1న సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టాడు. మరుసటి ఏడాది అది చిత్తూరుకు, ఉదయగిరి కొండల అవతలి కడపకు వచ్చింది. యుద్ధకాలంలో సడలి, 1948 అక్టోబర్ 2 నాటికి నెల్లూరుతో సహా మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తానికీ పాకింది. ఆ చట్టం కింద అమ్మడమే కాదు, తాగడమూ నేరమే. నిన్నటిదాకా ప్రభుత్వానికి ఖాతాదారుగా ఉన్నవాడు ముద్దాయి అయ్యాడు.

ఇక్కడో తమాషా ఉంది. ‘దేవదాసు’ సినిమా విడుదలైంది 1953లో. అప్పటికి ఆంధ్ర జిల్లాల్లో నిషేధం అమల్లోనే ఉంది. గ్లాసు పట్టుకున్న అక్కినేనిని చూసి హాలంతా కన్నీళ్లు పెట్టుకుంది. బయట అదే పని చేసినవాణ్ణి పోలీసు పట్టుకెళ్తే అయ్యో అన్నవాళ్లు లేరు. జమీందారు కొడుకు ప్రేమ విఫలమై తాగితే విషాదం, రాళ్లు కొట్టే కూలి ఒళ్లునొప్పులకు తాగితే పాడుబుద్ధి. ఈ తేడాను సినిమా పుట్టించలేదు. ఊళ్లో ముందునుంచీ ఉన్నదే తెరమీద కనబడింది. క్లబ్బులో పుచ్చుకునేవాడికీ సారా అంగడి ముందు కూలబడేవాడికీ మనం వేసే మార్కులు ఇప్పటికీ వేరువేరే.

కొత్తగా పుట్టిన ఆంధ్ర రాష్ట్రంలో మొదటి ప్రభుత్వం కూలింది ఈ విషయం మీదే. నిషేధం పనిచేయడం లేదు, ఎత్తేయండని రామమూర్తి కమిటీ చెప్పింది. ముఖ్యమంత్రి ప్రకాశం ఒప్పుకోలేదు. 1954 నవంబర్‌లో ఒక్క ఓటు తేడాతో ఓడి దిగిపోయాడు. గీత కార్మికుల బతుకుతెరువు గురించీ ఖజానా గురించీ వాదించినవాళ్లు చాలామందే. తాగుడుకు బానిసైనవాడికి ఏం చెయ్యాలన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు.

1960ల చివర నిషేధం పోయింది. 1970-71లో 39 కోట్లున్న రాష్ట్ర ఎక్సైజు రాబడి 1991-92కి 812 కోట్లకు చేరింది. 1980ల్లో ‘వారుణి వాహిని’ పేరుతో సర్కారే సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో పోసి ఊరూరికీ చేర్చింది. మంచినీళ్లు రాని మెట్ట పల్లెకు సారా మాత్రం పొద్దుగూకేలోపు వచ్చి చేరేది. దుకాణందాకా నడిచే పని కూడా లేదు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రిబడి వాచకంలో సీతమ్మ కథ చదివిన ఆడవాళ్లకు అందులో కనబడింది తమ కథే. తర్వాతి వాచకంలో దూబగుంట కథనే పాఠంగా పెట్టారు. 1992లో ఉద్యమం జిల్లా అంతా అంటుకుని, సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అదే ఏడాది అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా ఆగిపోయింది. 1995 జనవరి 16 నుంచి ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో చంద్రబాబు దాన్ని సడలించాడు. సారా మళ్లీ రాలేదు గానీ దాని స్థానంలో క్వార్టర్ సీసా వచ్చింది, వెనకే బెల్టుషాపూ వచ్చింది.

ఆ ఉద్యమం గురి సరైనదేనని నా అభిప్రాయం. కాంట్రాక్టరునూ సర్కారునూ నిలదీసింది. అయితే తాగి వచ్చినవాళ్లకు కొన్నిచోట్ల గుండు కొట్టించారు, గాడిదమీద ఊరేగించారు. ఏళ్లతరబడి దెబ్బలు తిన్న ఆడవాళ్ల కోపం అర్థం కానిది కాదు. అవమానపడితే మానుతాడన్న నమ్మకం ఆ కోపం వెనక ఉంది. కానీ పదేళ్లుగా పొద్దున లేవగానే తాగుతున్నవాడికి సరుకు ఒక్కసారిగా ఆగిపోతే ఏమవుతుందో చూడండి. కొన్ని గంటలకే చేతులు వణుకుతాయి, టీ గ్లాసు పట్టుకోలేడు. చెమటలు, వాంతులు, నిద్ర ఉండదు. కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు కొందరు గోడమీద లేని పురుగుల్ని ఏరుతుంటారు, చచ్చిపోయినవాళ్లతో మాట్లాడుతుంటారు. దాన్ని చూసిన ఊరు గాలి సోకిందనుకుంటుంది, కాదంటే నాటకమంటుంది. అది ప్రాణం తీయగల స్థితి, ఆస్పత్రిలో మందులతో గట్టెక్కించవలసింది. లోకంలో వైద్యులు ఈ మాట అప్పటికే చెప్పి ఉన్నారు. తాగుడును జబ్బుగా చూడాలని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1956లోనే తీర్మానించింది. మనకు దగ్గరలోని మద్రాసులో శాంతి రంగనాథన్ 1980లోనే టి.టి. రంగనాథన్ ఫౌండేషన్ పెట్టారు. ఉద్యమం జరిగిన పల్లెలకు ఆ మాట చేరలేదు.

చేరకపోవడంతో ఇంట్లోవాళ్లు దొంగమందు వెతుక్కున్నారు. తాగేవాడికి తెలియకుండా కూరలో కలిపే పొడి, మజ్జిగలో కలిపే మాత్ర. ఇందులో కొన్నిచోట్ల వాడేది డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. చెప్పకుండా పెట్టడం ప్రమాదమని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉంటారు. భార్యను తప్పు పట్టలేం. “ఆస్పత్రికి పోదాం రాయ్యా” అంటే “నేనేమన్నా పిచ్చోణ్ణా” అని లేచిపోయే మనిషితో ఆమె ఇంకేం చేస్తుంది? మానసిక వైద్యుడి గది ముందు కూర్చున్నట్టు ఊరికి తెలిస్తే కూతురి సంబంధం దగ్గర ఆ మాట వస్తుంది. తాగుతాడన్న మాట ఎలాగూ వస్తుంది, అది వేరే సంగతి. తాగే ఆడవాళ్లయితే ఇందులో ఎక్కడా కనబడరు. కూలిపనికి పోయి కల్లో సారానో అలవాటైనవాళ్లు లేరని కాదు, చెప్పుకునే చోటు లేదు.

సిగ్గు లేకుండా మానడానికి మన ఊళ్లలో దారి ఒకటుంది. కార్తీకంలో అయ్యప్ప మాల. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టని మనిషిని ఎందుకు మానావని ఎవరూ అడగరు. నిన్న “వాడు” అన్నవాళ్లే ఇవాళ “స్వామీ” అంటారు. అనంతపురం జిల్లా ఉంతకల్లు పాండురంగడి గుళ్లో అచ్చంగా మద్యం మానడానికే మాల వేసుకునేవాళ్లున్నారు. హేతువాదులు నవ్వొచ్చు. నాకు మాత్రం ఏ డీఅడిక్షన్ కేంద్రమూ ఇవ్వలేని మర్యాద అందులో కనబడుతుంది. చిక్కల్లా బాగా ముదిరినవాడు డాక్టరు తోడు లేకుండా ఒక్కసారిగా ఆపేసినప్పుడే. మాల తీసిన రాత్రి ఇంకో చిక్కు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే సమస్యలను మానసిక అనారోగ్యం నిర్వచనంలోకి తెచ్చింది. కాగితం మీద ముద్దాయి రోగి అయ్యాడు. 2019లో వెలువడిన ఎయిమ్స్ దేశవ్యాప్త సర్వేలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని తేలింది. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో దుకాణాలను ప్రభుత్వం చేతిలోకి తీసుకుని ధరలు పెంచింది. ధర పెరిగితే కొత్తగా మొదలుపెట్టేవాడు వెనక్కి తగ్గొచ్చు. వణుకు మొదలైనవాడు చేతికందింది తాగుతాడు. 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో, కరోనా కట్టడికి దుకాణాలు మూసి ఉన్నప్పుడు, శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. వాళ్లలో బిచ్చమెత్తుకుని బతికేవాళ్లూ ఉన్నారు. 2024లో దుకాణాలు మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి. క్వార్టరు 99 రూపాయలకు దొరకడం పెద్ద వార్తయింది.

ఊరూ పేరూ చెప్పనక్కర్లేని ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు పట్నాల్లో చాలామందిని నిలబెట్టాయి. నడక చూసి ఎవరి కొడుకో చెప్పేసే పల్లెలో ఆ పద్ధతి నడవడం కష్టం. దుత్తలూరు వైపు నుంచి నెల్లూరు బస్సెక్కేవాడు ఎక్కడికంటే కడుపునొప్పి చూపించుకోవడానికని చెప్తాడు. అక్కడ ఓపీ చీటీ మీద కూడా అదే రాయిస్తాడు. డాక్టరు స్కాన్ రాసి, కాలేయం వాచిందని చెప్పి, తాగుడు మానెయ్యమని పంపేస్తే ఆ పూటకు వైద్యం అయిపోయినట్టే. ఎలా మానాలో అడుగుదామంటే వెనక ఇంకో నలభై మంది నిలబడి ఉంటారు, వాళ్లలో తన ఊరివాళ్లూ ఉండొచ్చు.