పండుగపూట నాలుగు మాటలు



పట్నంలో విందు జరిగితే ఒకరు లేచి గ్లాసు పైకెత్తి నాలుగు మంచి మాటలు చెబుతారు. మన పిల్లలు దాన్ని సినిమాల్లో చూసి అదేదో పెద్దింటి మర్యాద అనుకుంటున్నారు. వసతిగృహంలో ఏ వేడుక జరిగినా మైకు ముందుకు రావడానికి జంకుతున్నారు. వేడుకలో మాట్లాడే సంప్రదాయం మనకు లేదా? ఉంది. ఆదిలాబాద్ గోండు గూడేల చరిత్ర చూస్తే అది ఎంత గట్టిదో తెలుస్తుంది. ఆ సంగతే ఇక్కడ చెప్పదలిచాము.

మన పెద్దలు ఇప్పసారా తాగే ముందు కొన్ని చుక్కలు నేలమీద వదిలి పెద్దలను, పేన్‌లను తలచుకునేవారు. ముందు వెళ్లిపోయినవారికి, ఆ తర్వాతే ఎదురుగా కూర్చున్నవారికి. సారా సంగతి ఎలా ఉన్నా ఆ వరుస మాత్రం గుర్తుంచుకోదగినది. పెర్సాపేన్ పూజలో ప్రధాన్‌లు చేసే పని కూడా ఇదే. కిక్రి మూడు తీగలు పలికిస్తూ గోత్రం ఎక్కడ పుట్టిందో, పూర్వీకులు ఏ దారిన వచ్చారో పాడి వినిపిస్తారు. కాగితం చూడరు. ఎవరి ముందు పాడుతున్నారో వారి కథే పాడుతారు కాబట్టి వినేవారు లేచి పోరు.

కేస్లాపూర్ నాగోబా జాతర చూడండి. పుష్య అమావాస్యకు ముందే మెస్రం వంశీయులు కాలినడకన హస్తినమడుగుకు వెళ్లి ఝరిలో గోదావరి నీళ్లు తెస్తారు. ఆ నీటితోనే నాగోబాకు అభిషేకం. తర్వాత భేటింగ్ జరుగుతుంది. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లు తెల్లచీరలు కట్టుకుని నాగోబా ముందుకు, వంశం పెద్దల ముందుకు వస్తారు. ఫలానా ఇంటి కోడలు అని పరిచయమయ్యాకే ఆమెకు ఆ పూజలో చోటు. పండుగపూట ఒక మనిషిని పేరుతో, ఇంటితో పదిమందికి చూపించి మనవాళ్లలో కలుపుకోవడం కన్నా పెద్ద శుభాకాంక్ష ఏముంటుంది?

ఇదే జాతరలో ఇంకో మాట వేదిక కూడా పుట్టింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల కష్టాలేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ప్రొఫెసర్ హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టి ఎలిజబెత్ మార్లవాయి గూడెంలో ఉండి మనవాళ్ల మధ్య బతికారు. జనమంతా ఒకచోట చేరేది జాతరలోనే కాబట్టి అధికారులే అక్కడికి రావాలన్న ఆలోచనతో ఆ 1940ల్లోనే నాగోబా దర్బార్ మొదలైంది. పట్టా రాలేదని, బడి లేదని, బావి లేదని మనవాళ్లు పండుగ మధ్యలోనే లేచి నిలబడి చెప్పారు. ఇప్పటికీ కలెక్టరు, ఐటీడీఏ అధికారులు ఆ దర్బార్‌కు వస్తున్నారు. వేడుకలో పొగడ్త ఒక్కటే ఉండాలన్న నియమం మనకు లేదు. దండం పెట్టిన నోటితోనే అడగవలసింది అడగవచ్చు.

1943లో మార్లవాయిలో గోండు యువకుల కోసం ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిచారు. గోండి వాచకాలను దేవనాగరి లిపిలో తయారు చేశారు. పిల్లవాడు ముందు ఇంటి భాషలో నోరు విప్పాలని ఎనభై ఏళ్ల కిందటే అక్కడ గుర్తించారు. శిక్షణ పొందిన టీచర్లమై ఉండి కూడా మేము ఆ సంగతి మరిచాము.

మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒక ఏడాది పదో తరగతి పిల్లల వీడ్కోలు సభకు ఉపన్యాసం మేమే రాసిచ్చాము. "వేదికనలంకరించిన పెద్దలకు" అని మొదలుపెట్టి రెండు పేజీలు. వారం రోజులు బట్టీ పట్టించాము. ఆ అమ్మాయి మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు. మేము పక్కనుంచి అందిస్తున్నా అందుకోలేదు. కాసేపటికి కాగితం మడిచి, వెనక నిలబడ్డ వంటమ్మ వైపు తిరిగి గోండిలో చెప్పింది: "అవ్వా, నాకు జ్వరం వచ్చిన రాత్రి జొన్నగట్క కాచి తెచ్చావు. మా అమ్మ దగ్గర లేదని ఆ రాత్రి నాకు అనిపించలేదు. రేపు నా మంచం దగ్గరికి వచ్చే చిన్నపిల్లకు కూడా కాచిపెట్టు." అంతే, కూర్చుంది. వంటమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. అతిథులకు గోండి రాకపోయినా సభ నిశ్శబ్దమైపోయింది. ఆ తర్వాత జ్వరం వచ్చిన పిల్లకు ఏ వేళకైనా గట్క కాచాలని మేము వంటగదిలో రాసి పెట్టాము.

తర్వాత ఆలోచిస్తే తెలిసింది, ఆ పిల్ల చేసింది మన పెద్దల పద్ధతే. ప్రధాన్‌లా ఎదుటివారి కథ చెప్పింది. భేటింగ్‌లోలా ఒక మనిషిని పదిమందికి చూపించింది. దర్బార్‌లోలా చివర ఒకటి అడిగింది. మేము రాసిచ్చిన రెండు పేజీల్లో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

అందుకే ఇప్పుడు పిల్లలకు ఉపన్యాసాలు రాసివ్వడం మానేశాము. వేడుకకు ముందు మూడే అడుగుతాము: ఎవరిని తలచుకుంటావు? వారు చేసిన పని ఒక్కటి చెప్పగలవా? అందరి కోసం ఏం కోరతావు? గోండి, కొలామి, తెలుగు, ఏది నోటికి వస్తే అందులో చెప్పమంటాము. అర్థం కానివారికి ఇంకో పిల్ల తెలుగులో చెబుతుంది. చేతిలో గ్లాసు ఉండాలంటే మంచినీళ్లది చాలు. నాగోబాకు మనం నడిచి వెళ్లి తెచ్చేది కూడా నీళ్లే కదా.

ఈ సంచిక చదివే పెద్దలకు ఒక్క విన్నపం. మీ ఊరి వేడుకలో ఒక పిల్లకు మైకు ఇవ్వండి. తడబడితే అందించవద్దు, ఆగండి. చివర ఆమె ఏదైనా అడిగితే చప్పట్లతో సరిపెట్టకుండా ఆ పని చేసిపెట్టండి.

జై సేవా! జై జంగో! జై లింగో!