క్రాఫ్ట్ అయ్యవారి పేటెంటు: పాత గెజిట్లలో ఒక వెతుకులాట

నిరుడు ఉగాది వెళ్లిన వారానికి సంచిక కమిటీ మిత్రులు ఫోన్ చేసి నాకొక పని అప్పజెప్పారు. "మన క్రాఫ్ట్ అయ్యవారి ఫొటో ఒక పేజీ నిండా వేస్తున్నాం. కింద 'శెనక్కాయల మిషనుకు పేటెంటు పొందిన ఉపాధ్యాయుడు' అని రాస్తున్నాం. నువ్వు లైబ్రరీలో పనిచేసినోడివి కదా, ఆ పేటెంటు నంబరు, సంవత్సరం కనుక్కో" అన్నారు. పది నిమిషాల పని అని వాళ్లు అనుకున్నారు. ఒక రోజు పని అని నేను అనుకున్నాను. ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో నేను నేర్చుకున్నది మన బడి వాళ్లందరికీ పనికొస్తుందనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

1970ల మొదట్లో మన బడిలో చదివిన వారికి ఆ మిషను గుర్తుండే ఉంటుంది. క్రాఫ్ట్ గదిలో మూలన, రంపాల పెట్టె పక్కన ఉండేది. సగానికి కోసిన డ్రమ్ములాంటి రేకు తొట్టి, దాని అడుగున ఇనుప చువ్వల జల్లెడ, పైన ఊయలలా ముందుకూ వెనక్కూ ఊగే కొయ్య పిడి. పిడి కింద ఇనుప పళ్లకు బదులు పాత లారీ టైరు ముక్కలు బిగించి ఉండేవి. అయ్యవారి తెలివంతా ఆ టైరు ముక్కల్లోనే ఉందని అప్పట్లో మాకు తెలియదు.

మన జిల్లాలో ఏడాదికి కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లు. అదీ ఎప్పుడు కురుస్తుందో చెప్పలేం. పదును వాన పడిందంటే రెండు మూడు రోజుల్లో విత్తనం పడాలి, లేకపోతే తేమ ఆరిపోతుంది. శెనక్కాయల్ని ముందుగానే ఒలిచి నిల్వ పెడదామంటే విత్తనం మొలక చచ్చిపోతుంది. అందుకే మబ్బు చూసి ఒలవాలి. ఆ దినాల్లో మా అమ్మావాళ్లు బుడ్డీ దీపం చుట్టూ కూర్చుని, కాయలు తడిపి, కాయ ముక్కు రాయికి కొట్టి, అర్ధరాత్రి దాకా ఒలిచేవారు. వేళ్ల చివర్లు చీలిపోయేవి. మిల్లు మిషన్లు నూనెకు పనికొచ్చేవే గాని విత్తనాన్ని పగలగొట్టేవి. పగిలిన పప్పు మొలవదు. టైరు రబ్బరుతో ఒత్తితే పొట్టు పగులుతుంది, పప్పు పగలదు. అయ్యవారు కనిపెట్టింది అదీ.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. వాళ్ల అబ్బాయిని అడిగితే ట్రంకు పెట్టె అడుగు నుంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. కలకత్తా పేటెంట్ ఆఫీసు నుంచి వచ్చింది. సగం చెదలు తినేశాయి. తేదీలో "195" మిగిలింది, చివరి అంకె లేదు. ఐదంకెల నంబరులో మొదటి మూడే మిగిలాయి. కంప్యూటరులో అయ్యవారి పేరు రకరకాలుగా కొట్టి చూశాను, ఏమీ రాలేదు. ఇక అచ్చు పుస్తకాల దగ్గరికే పోవాలని తేలిపోయింది.

అచ్చు రికార్డుల్లో వెతకాలంటే ముందు చట్టం కథ కొంత తెలియాలి. మన దేశంలో మొదటి చట్టం 1856లో వచ్చింది. దాని కింద 14 ఏళ్ల ప్రత్యేక హక్కు ఇచ్చేవారు. ఆ ఏడాది మార్చి 3న జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెన్నింగ్ అనే కలకత్తా సివిల్ ఇంజనీరు మొదటి దరఖాస్తు పెట్టాడు. దేనికంటారా? పంకా లాగే యంత్రానికి! కచేరీల్లో మనిషి కూర్చుని తాడు లాగే ఆ పంకాలు తాతల నోట మనమూ విన్నవే. సెప్టెంబరు 2న ఆయన వివరణ పత్రాన్నీ బొమ్మల్నీ దాఖలు చేశాడు. దరఖాస్తు ఒక తేదీన, వివరణ మరో తేదీన. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, అయ్యవారి కథంతా దీని మీదే నడుస్తుంది.

రాణి అనుమతి లేకుండా చేశారని 1857లో ఆ చట్టాన్ని రద్దు చేసి, 1859లో మళ్లీ తెచ్చారు. 1883, 1888 చట్టాలు తర్వాత వచ్చాయి. 1911 చట్టంతో పేటెంట్ల పని కంట్రోలర్ చేతికి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక బక్షీ టేక్ చంద్ కమిటీ, జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ నివేదిక వచ్చాయి. ఆ తర్వాత 1970లో కొత్త చట్టం చేశారు. అది 1972 ఏప్రిల్ 20 నుంచి అమలైంది. అయ్యవారి కాగితం 1950ల నాటిది కాబట్టి ఆయనకు వర్తించేది 1911 చట్టమే.

ఆ కాలంలో పేటెంట్ ఆఫీసు ప్రకటనలు భారత ప్రభుత్వ గెజిట్‌లో మూడో భాగం రెండో సెక్షన్‌లో అచ్చయ్యేవి. ప్రతి శనివారం గెజిట్ వచ్చేది. ఎవరెవరు దరఖాస్తు పెట్టారు, ఎవరి వివరణ అంగీకారమైంది, ఏ పేటెంటుకు ముద్ర పడింది, ఏది ఫీజు కట్టక ఆగిపోయింది, ఇవన్నీ వేరువేరు జాబితాలుగా ఉండేవి. ఇవి కాక పేర్ల సూచికలు, విషయ సూచికలు ఉన్నాయి. చెన్నైలో మా అల్లుడి ఇంట్లో మకాం పెట్టి, 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయంతో మొదలుపెట్టి, పాత గెజిట్ల బైండు పుస్తకాల కోసం తిరిగాను.

మొదట పేరుతో వెతికాను, దొరకలేదు. మన పేర్లు ఇంగ్లీషు సూచికకు లొంగవు. ఆ సూచిక చివరి మాటను ఇంటిపేరు అనుకుంటుంది. మన ఇంటిపేరేమో ముందుంటుంది. కోయంబత్తూరు తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి.నాయుడు పేరే తీసుకోండి. ఆయన అసలు పేరు దొరైస్వామి, 'జి' తండ్రి పేరు గోపాలస్వామిది. ఆయన కోసం 'నాయుడు' కింద చూడాలా, 'దొరైస్వామి' కింద చూడాలా? రెండు చోట్లా చూడాలి. మన 'రెడ్డి', 'రావు', 'అప్ప'ల సంగతీ ఇంతే. పైగా ఒకే పేరుకు నాలుగు రకాల స్పెల్లింగులు.

ఊరి పేరుతో చూస్తే అదొక తిప్పలు. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయింది. అంతకు ముందు చిరునామాల్లో మనం బళ్లారి వాళ్లం. 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు వాళ్లం, ఆ తర్వాత ఆంధ్ర, 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్. రేపు మన పిల్లలు హిందూపురం, ధర్మవరం, కదిరి రికార్డులు వెతికితే 2022 దగ్గర ఇలాగే తడబడతారు, అప్పటి నుంచి అవి శ్రీ సత్యసాయి జిల్లా కదా!

పేరు కుదరక విషయ సూచిక పట్టుకున్నాను. 'గ్రౌండ్‌నట్' అని చూశాను, 'పీనట్' అని చూశాను, 'ఎర్త్‌నట్' అని కూడా చూశాను. ఒలిచే యంత్రాన్ని ఇంగ్లీషులో 'డీకార్టికేటర్' అంటారని డెబ్బై ఏళ్లు దగ్గరపడిన వయసులో నేర్చుకున్నాను. మిషన్లు చాలానే కనిపించాయి, మన అయ్యవారు కనిపించలేదు.

ఒక సాయంత్రం పుస్తకం మూసి కూర్చున్నప్పుడు అసలు దారి తట్టింది. 1911 చట్టానికి ముందు నంబర్లు ఏటా ఒకటితో మొదలయ్యేవి. అందుకే 'ఫలానా ఏడాదిలో ఫలానా నంబరు' అని చెప్పాలి, ఏడాది తెలియని నంబరు దండగ. 1912 నుంచి మాత్రం వరసగా ఒకే లెక్క. అంటే చెదలు తినగా మిగిలిన ఆ మూడంకెలు చాలు! ఐదంకెల్లో మొదటి మూడు తెలిస్తే మిగిలేది వంద నంబర్లే. వరస నంబర్లు ఏ వారాల్లో పడ్డాయో పట్టుకుంటే ఏడాదీ తెలిసిపోతుంది. ఒక్క పూటలో ఆ వారాలు దొరికాయి. సన్నటి అచ్చులో, పేజీ మధ్యలో, మా అయ్యవారు ఉన్నారు. ఇంటిపేరునే పేరుగా, పేరును పొడి అక్షరంగా మార్చేశారు. పక్కన శెనక్కాయలు ఒలిచే సాధనం అని నాలుగు ఇంగ్లీషు మాటలు. నాకు కళ్లు చెమర్చాయి. కమిటీకి అప్పుడే ఫోన్ చేసి ఉంటే కథ అక్కడితో సుఖాంతమయ్యేది.

కానీ నేను చూస్తున్నది దరఖాస్తుల జాబితా. నంబరు ఉన్నంత మాత్రాన పేటెంటు వచ్చినట్లు కాదు. తాత్కాలిక వివరణతో దరఖాస్తు పెట్టినవారు గడువులోగా పూర్తి వివరణ, బొమ్మలతో సహా ఇవ్వాలి. దాన్ని పరీక్షించి అంగీకరిస్తే గెజిట్‌లో వేస్తారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవచ్చు. అవన్నీ దాటాకే ముద్ర. అందుకని ఆ తేదీ నుంచి ముందుకు నాలుగేళ్ల గెజిట్లు, వారం వారం, అంగీకారాల జాబితాలన్నీ తిరగేశాను. రెండోసారి కూడా తిరగేశాను. అయ్యవారి నంబరు లేదు. దానికి ముందు నంబరుంది, ఆ తర్వాతి నంబరుంది, నడుమ ఆయనది లేదు.

ఈ మాట వాళ్ల అబ్బాయికి చెప్పడం వెతకడం కంటే కష్టమైంది. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మా నాయన అబద్ధం చెప్పినాడా అన్నా?" అన్నాడు. నాకు గొంతు పెగల్లేదు. ఊరికి తిరిగొచ్చే బస్సులో ఆ ప్రశ్నే తొలిచింది. అయ్యవారు క్లాసులో ఏమనేవారో, అచ్చంగా ఏ మాట అనేవారో గుర్తుచేసుకున్నాను. ఆనాటి సహాధ్యాయులు ముగ్గురికి ఫోన్ చేసి, నేను ముందు చెప్పకుండా, వాళ్లకేం గుర్తుందో అడిగాను. ముగ్గురూ ఒకే మాట అన్నారు. "దీనికి పేటెంటు ఏసినా రా" అనేవారు ఆయన. ఏసినా అన్నారు, వచ్చింది అనలేదు! అర్జీ వేసినా అన్నట్లు, పేటెంటు వేసినా అన్నారు. యాభై ఏళ్లలో మనం దాన్ని 'పొందినారు' చేసేశాం. ఆయన నిజమే చెప్పారు, సరిగ్గా విననిది మనం.

పూర్తి వివరణ ఆయన ఎందుకు పంపలేదో ఆ గెజిట్‌లో రాయలేదు. డ్రాయింగులకు, ఫీజులకు, కలకత్తా ఉత్తరాలకు ఒక బడి అయ్యవారి జీతంలో ఎంత మిగులుతుందో మీరే ఊహించండి. వాళ్ల అబ్బాయికి అదే చెప్పాను. "నాకు తెల్సులే అన్నా, ఆ యేడు మా అక్క పెండ్లి" అన్నాడు. అంతకు మించి నేను అడగలేదు.

జాబితాలో పేరు లేకపోతే మనిషి చిన్నవాడైపోడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనలకు డైరెక్టరుగా ఉన్న కాలంలోనే ఆరియోమైసిన్ వచ్చింది. 1949లో దానికిచ్చిన అమెరికా పేటెంటు మీద ఉన్నది ఆయన సహచరుడు బెంజమిన్ డగ్గర్ పేరు. అయితే పేరు లేని చోట మనమే దాన్ని చేర్చడమూ తప్పే. ఏదో ఒక రోజు ఎవరో వెతుకుతారు. అప్పుడు అబద్ధమాడింది అయ్యవారే అనుకుంటారు గాని, సంచిక కమిటీ అనుకోరు.

పాత అచ్చు కాగితాన్ని తేలిగ్గా తీసుకోవద్దని కూడా మనవి. పసుపు గాయాలు మాన్పుతుందని 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ వారు దాన్ని సవాలు చేసి 1997లో కొట్టివేయించారు. వాళ్ల చేతిలోని ఆయుధాలు పాత గ్రంథాలు, 1953 నాటి ఒక వైద్య పత్రికలోని వ్యాసం. వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతిపై యూరప్‌లో ఇచ్చిన పేటెంటు కూడా 2000లో రద్దయింది, 2005లో ఆ రద్దు ఖాయమైంది. పసుపు, వేప గుణాలు మన అవ్వలందరికీ తెలుసు. కానీ తెలిసినదాన్ని రుజువు చేసుకోవడానికి కాగితం కావలసివచ్చింది.

కాబట్టి మిత్రులారా, మీ ఇళ్లలోని ట్రంకు పెట్టెలు పాత సామాన్ల వాళ్లకు వేసే ముందు ఒకసారి తెరిచి చూడండి. నంబరు, తేదీ, చిరునామా ఉన్న ఏ కాగితాన్నీ పారేయకండి. సగం చినిగినా సరే, మూడంకెలు చాలని నేను నేర్చుకున్నాను కదా.

ఈ సంచికలో అయ్యవారి ఫొటో కింద కమిటీ వారు ఇప్పుడు ఇలా వేస్తున్నారు: "శెనక్కాయల విత్తనం పగలకుండా ఒలిచే మిషను తయారుచేసి, దానికి పేటెంటు కోసం దరఖాస్తు చేసిన మన క్రాఫ్ట్ అయ్యవారు." ఈ వాక్యం చదివి వాళ్ల అబ్బాయి సరేనన్నాడు. మిషను వాళ్ల కొట్టంలో ఇంకా ఉంది. టైరు ముక్కలు మార్చి స్వర్ణోత్సవం రోజున బడికి తెస్తానన్నాడు. వచ్చేవాళ్లు ఒక్కొక్కరు ఒక శేరు శెనక్కాయలు తెచ్చుకోండి.