నీలగిరి సెలయేళ్ళు – బంజరు లెక్క

జలుబు చేసినప్పుడు మనవారు చేతిగుడ్డపై నాలుగు చుక్కలు వేసి వాసన చూచు తైలమునకు నీలగిరి తైలమని పేరు. ఆ తైలము నిచ్చు చెట్టునకును మన భాషలో నీలగిరి చెట్టనియే వాడుక. పేరును బట్టి అది నీలగిరి కొండలలో అనాదిగా పెరుగుచున్న వృక్షమని పెక్కుమంది తలంతురు. అది నిజము కాదు. దాని జన్మభూమి ఆస్ట్రేలియా. నీలగిరులకు అది 1843లో వచ్చినది. దత్తు వచ్చినవాడు ఇంటిపేరు స్వీకరించినట్లు ఆ చెట్టు కొండపేరును తనదిగా చేసికొన్నది. అంతకు ముందు ఆ కొండపై నేమి యుండెను, తరువాత అచటి సెలయేళ్ళ కేమైనది అను విషయమును మన గ్రంథాలయ చందాదారుల ముందుంచ దలచితిని.

అవి మనకు దూరపు కొండలే యైనను పరాయివి కావు. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడు వరకు కోస్తా జిల్లాలును, రాయలసీమయు, నీలగిరులును ఒకే చెన్నపట్టణపు ప్రభుత్వము క్రింద నుండెను. 1870 నుండి చాలకాలము వేసవి మాసములందు ఆ ప్రభుత్వము ఉదకమండలమునకు తరలి అచటినుండియే పాలించెడిది. మన గ్రామ లెక్కలలో బంజరు, పోరంబోకు అను మాటల వెనుకనున్న బుద్ధియే ఆ కొండల లెక్కలను గూడ నడిపినది. లెక్కలు వ్రాయు వృత్తిలో తల నెరసినవాడ నగుటచే నాకీ విషయమున ఆసక్తి మెండు.

పడమటి కనుమలును తూర్పు కనుమలును కలిసికొను చోట నీలగిరులున్నవి. మిక్కిలి యెత్తైన దొడ్డబెట్ట శిఖరము 2,637 మీటర్లు. నైరృతి, ఈశాన్య ఋతుపవనములు రెండును అచట వర్షించును. పై పీఠభూమిలో ప్రకృతి చేసిన పంపకము విచిత్రమైనది. గుండ్రని కొండవాలులందంతటను గడ్డి. రెండు వాలులు కలియు మడతలలో మాత్రమే పొట్టి చెట్లతో దట్టమైన చిన్న చిన్న అడవులు. వీనిని షోలాలందురు. లోయల అడుగున నల్లని ఊబినేల. పండ్రెండేండ్ల కొకమారు పూచు కురింజి పొదలు ఆ గడ్డినేలలలోనివే.

వాన గడ్డివాలుపై పడును. గడ్డి వ్రేళ్ళు మన్నును పట్టియుంచును గాని మిక్కిలి లోతునకు పోయి నీటిని త్రాగవు. తమకు వలసినది కొంచెము తీసికొని మిగిలినదానిని నేలలోనికి దిగనిచ్చును. ఆ నీరు మెల్లగా జారి మడతలకును ఊబికిని చేరి, వానలు వెలసిన మాసములందును సన్నని ధారయై వెలువడును. అదియే సెలయేరు. అమరకోశమున వానపై నాధారపడిన దేశమును దేవమాతృకమనియు, నదిపై నాధారపడినదానిని నదీమాతృకమనియు విభజించియున్నారు. అది దిగువ పొలములవారి విభాగము. కొండపై నిలిచి చూచినచో ఆ నది తానే వానకు బిడ్డ, గడ్డి దానికి దాది.

ఆ పీఠభూమిపై తోడాలు బఱ్ఱెలను మేపుకొనుచు, బడగాలు సేద్యము చేయుచు, కోటాలు కుండలును ఇనుప పనిముట్లును చేయుచు, వస్తువులను పరస్పరము మార్చుకొని జీవించెడివారు. పైకారా నదిని దాటునపుడు తోడావాడు కుడిచేతిని దుప్పటినుండి వెలికి తీసి గౌరవము చూపునని రివర్స్ అను ఆంగ్ల పండితుడు 1906లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను.

1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ ఆ కొండల కెక్కెను. ఉదకమండలమున చెరువు నేర్పరచినవాడును, సీమ కాయగూరల సాగును ప్రోత్సహించినవాడును ఆయనయే. భూమిపై తోడాల హక్కును గూర్చి ఆయన గట్టిగా వాదించెనని చెప్పుట న్యాయము. తరువాతి వారి చూపు వేఱు. దున్నని భూమి శిస్తు నీయదు, కావున బంజరు. బంజరును ఉపయోగమునకు తేవలెను. శిస్తు గడి ఖాళీగా నున్నచో ఉపయోగము గడియు ఖాళీయే యని తలచుట మా వృత్తికి పుట్టుకతో వచ్చిన జాడ్యము. మన వాగు పుట్టు కొండవాలు గూడ పాత లెక్కలలో పోరంబోకే. అందుండి పాఱివచ్చిన నీటితో పండిన మడికి మాత్రము మాగాణి శిస్తు వ్రాసియున్నారు.

దొరల బంగళాలకు, దండువారికి వంటచెఱకు కావలసివచ్చినది. షోలాలు నఱకిరి. అవి తరుగగా 1856 నుండి నీలగిరి చెట్లను తోటలుగా నాటిరి. తోళ్ళు ఊనుటకు బెరడు నిచ్చు వాటిల్ అను మఱియొక ఆస్ట్రేలియా చెట్టును గడ్డినేలలపై నాటిరి. 1860లో సింకోనా వచ్చినది. చలిజ్వరములకు క్వినైను నిచ్చిన ఆ చెట్టును నేను నిందింపను. పిమ్మట తేయాకు వాలుల నాక్రమించెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత గూడ ఈ ధోరణి మాఱలేదు. కృత్రిమపు పట్టునూలు గుజ్జు కొఱకు వాటిల్, నీలగిరి తోటలు ఇంకను విస్తరించినవి.

చెట్టు నాటిన నీరు వృద్ధియగునని మనమందరము చిన్ననాటి నుండి వినుచున్నాము. ఆ కొండపై ఆ మాటను పరీక్షించిరి. 1954లో ఉదకమండలమున నెలకొల్పిన భూసంరక్షణ పరిశోధన కేంద్రమువారు గ్లెన్‌మోర్గాన్ వద్ద ప్రక్కప్రక్కనున్న రెండు చిన్న లోయలను ఎన్నుకొనిరి. ఒక్కొక్కటి సుమారు 80 ఎకరములు. 1968 నుండి రెండింటి సెలయేళ్ళను కొలిచిరి. 1972లో ఒక లోయలో నూటికి 59 వంతుల నేలపై నీలగిరి చెట్లు నాటి, రెండవదానిని గడ్డితోను షోలాతోను యథాతథముగా విడిచిరి. మొదటి పదేండ్లలో చెట్లు నాటిన లోయనుండి వచ్చు నీరు నూటికి 16 వంతులు తగ్గెను. చెట్లను నఱకిన పిదప మోళ్ళనుండి చిగిర్చిన రెండవ కాపు కాలమున తగ్గుదల 25 వంతులు దాటెను. వేసవి ధారకు దెబ్బ మఱింత హెచ్చుగా తగిలినది.

మన భాషలో చెప్పవలెనన్న, వాన జమ, చెట్టు త్రాగునది ఖర్చు, సెలయేరు నిలువ. జమ పెరుగలేదు, ఖర్చు పెరిగినది. ఇందువలన చెట్లన్నియు చెడ్డవని గ్రహింపరాదు. షోలా చెట్టును నఱకినచోట ఏరు పాడయినది, పరాయి చెట్టును గడ్డిపై నాటినచోటను ఏరు పాడయినది. ఏ చెట్టు, ఎచట అన్నదే ప్రశ్న.

నీటి పరిమాణము ఒక్కటే కాదు, అందలి ప్రాణుల సంగతి గూడ చూడవలెను. షోలా నీడలో పాఱు ఏటికి ఎండ తగులదు, నీరు చల్లగా నుండును. అందలి జీవములకు ఆహారము రాలిన ఆకు. ఆ ఆకును పురుగులు కొఱికి పొడి చేయును; ఇసుక రేణువులతో గూడు కట్టుకొని రాళ్ళ సందులలో బ్రదుకు పురుగులును, తూనీగ పిల్లలును అందుండును; వానిని చేపలు, కప్పలు తినును. రాతికి నోటితో అంటుకొని ప్రవాహమునకు ఎదురు నిలుచు చిన్న చేపలును కొండయేళ్ళలో కలవు. వాలును పైనుండి క్రిందికి చాళ్ళు తీసి బంగాళాదుంప వేసినచో తొలి గట్టివానకే మన్ను కదలి ఏటిలో దిగును. ఆ మన్ను రాళ్ళ సందులను పూడ్చును. సందు పోయిన పురుగునకు ఇల్లు పోయినది, చేప గ్రుడ్డునకు గాలి పోయినది. గట్టుపై చెట్టు పోయినచో నీరు వేడెక్కి అందలి ప్రాణవాయువు తగ్గును. నీలగిరి చెట్టు ఆకు రాలినను దానిలోని నూనె వలన పురుగులకు అంతగా రుచింపదు. తోటలకు చల్లు ఎరువులు, పురుగుమందులు గూడ తుదకు ఏటిలోనికే.

దొరలు గాలపు వినోదమునకై సీమనుండి ట్రౌట్ అను చేపను తెచ్చుటకు 1860 తరువాత కొన్నిమార్లు యత్నించి విఫలులైరి. 1907 ప్రాంతమున అది కుదురుకొన్నది. దానికి కావలసినది చల్లని తేటనీరు. తాము గాలము వేయు ఏటిని వారు శ్రద్ధగా కాపాడిరి. ప్రక్క వాలున పుట్టు ఏటిని బంజరులో కలిపిరి.

పైకారాపై 1932లో జలవిద్యుత్తు ప్రారంభమైనది. నీలగిరులనుండి దిగు భవానీ, మోయారు నదులు కలియు చోట 1955 నాటికి ఆనకట్ట పూర్తియై కోయంబత్తూరు ప్రాంతపు పొలములకు నీరిచ్చుచున్నది. అనగా సెలయేటి ధార తగ్గినచో కొండవానికే కాక, కొండను ఎన్నడును చూడని రైతునకును నష్టమే.

1988 జాతీయ అటవీ విధానమున అడవి యొక్క ప్రధాన ప్రయోజనము ప్రకృతి సమతౌల్యమనియు, ధనాదాయము దానికి లోబడి యుండవలెననియు ప్రకటించిరి. ఆ మాటను కాగితముపై చూచుటకు నూఱేండ్లకు పైగా పట్టినది. పని మాత్రము సులభము కాదు. వాటిల్ విత్తనము నేలలో అనేక సంవత్సరములు చెడక నిలిచియుండును. చెట్టును కొట్టివేసిన మరుసటి వానకే గుంపులుగా మొలచును. అందుచేత నిప్పుడు కొన్ని లోయలలో పీకిన మొలకలనే మరల మరల పీకుచు, నారుమడులలో పెంచిన కొండగడ్డి దుబ్బులను చేతితో ఒక్కొక్కటిగా నాటుచున్నారు.