పరుపు గుడ్డతో మొదలైన పాట

పోయిన నెల ఇంటికి రంగులు వేయించడానికి అటక మీది సామానంతా దింపించాం. ఇత్తడి బిందెల వెనకాల దుప్పటి చుట్టిన రెండు చెక్కపెట్టెలు కనబడ్డాయి. "పాత సామాన్లవాడికి వేసెయ్" అన్నారు మా వారు. మావయ్యగారు ఏమీ అనలేదు. పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయారు. సంగతేమిటో అత్తయ్య చెప్పింది.

అవి ఏఆర్-2ఏఎక్స్ అనే స్పీకర్లు. మావయ్యగారు బోస్టన్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో, 1974లో కొన్నారట. తిరిగి వచ్చేటప్పుడు సామాను ఎక్కువైంది, ఏదో ఒకటి వదిలెయ్యాల్సి వచ్చింది. "నా కుట్టుమిషను అక్కడ ఉండిపోయింది. ఆయన పెట్టెలు వచ్చాయి" అంది అత్తయ్య. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాటలో చిన్న ముల్లుంది.

ముందు గుడ్డ తీసి చూశాను. లోపల పది అంగుళాల పెద్ద స్పీకరు, దాని కాగితపు గిన్నె చుట్టూ ఫోమ్ అంచు. వేలు పెట్టగానే అంచు పొడిపొడిగా రాలిపోయింది. తేమకీ గాలికీ ఆ ఫోమ్ పదిహేను, ఇరవై ఏళ్ళలో పాడవుతుందట. మిగతాదంతా బాగానే ఉంది. అంటే రోగం అంచుదే! కొత్త అంచులు తెప్పించాను. అవి వచ్చేలోగా వీటి కథ చదవడం మొదలుపెట్టాను.

ఇప్పుడు మనం చూసే గిన్నె స్పీకరుకి రూపం ఇచ్చినవాళ్ళు రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు అమెరికా ఇంజనీర్లు, 1925లో. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు మృదంగంలాంటి లోతైన శబ్దం సరిగ్గా వినాలంటే బీరువా అంత పెట్టె కావాల్సి వచ్చేది. ఆ ఇబ్బంది తీర్చినవాడు ఎడ్గార్ విల్చర్. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి నొక్కి చూడండి, లోపలి గాలి స్ప్రింగులా వెనక్కి తోస్తుంది. ఆయన చేసిందీ అదే. పెట్టెను గాలి చొరకుండా మూసేశాడు. గిన్నె అంచును బిగువుగా కాకుండా వదులుగా పెట్టి, దాన్ని వెనక్కి లాగే పని లోపలి గాలికి అప్పజెప్పాడు. దాంతో పుస్తకాల అరలో పట్టేంత పెట్టె చాలింది. 1954లో హెన్రీ క్లాస్‌తో కలిసి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టాడు. 1956లో పేటెంటు వచ్చింది.

నేను ఆగిపోయింది ఇంకో చోట. మొదటి నమూనా చేసేటప్పుడు అంత వదులైన అంచు బజారులో దొరకలేదు. ఆయన భార్య రోజ్‌మేరీ యుద్ధకాలంలో డ్రాఫ్టింగ్ పని చేసిన మనిషి. అంచు కొలతల నమూనా ఆవిడ గీసిస్తే, పరుపులకి వాడే గుడ్డతో దాన్ని తయారుచేశారు. జాకెట్టుకి కొలతలు గీసుకున్నట్టే కదండీ!

అంచులు రాగానే మావయ్యగారు ఉత్సాహంగా కూర్చున్నారు. పాత జిగురు స్పిరిట్‌తో తుడిచి గీకేశాం. పెట్టెలోపలి గాజునూలు చేతులకి గుచ్చుకుంటుంది, గ్లవుజులు తప్పనిసరి. కొత్త అంచు అతికించేటప్పుడు గిన్నె సరిగ్గా మధ్యలో ఉండాలి. వెంట్రుకవాసి పక్కకి జరిగినా లోపలి తీగచుట్ట అయస్కాంతానికి రాసుకుంటుంది. మావయ్యగారి చేతులు ఈమధ్య వణుకుతున్నాయి. మొదటిది ఆరాక గిన్నెను మెల్లగా నొక్కితే గరగరమంది. ఆయన మొహం వాడిపోయింది. "పోనీలేమ్మా, వాడికి వేసెయ్" అన్నారు.

అప్పుడు అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. అతుకు ఊడదీశాం. మధ్యనున్న మూతను జాగ్రత్తగా విప్పాక, తీగచుట్టకీ లోపలి ఇనుముకీ మధ్య చుట్టూరా దోపడానికి సన్నటి కాగితం ముక్కలు ఆవిడే కత్తిరించింది. కుట్టు వేసినంత నెమ్మదిగా అంచు అంతా వేళ్ళతో నొక్కుకుంటూ వచ్చింది. మర్నాడు కాగితాలు తీసి గిన్నెను నొక్కితే ఏ చప్పుడూ లేదు. రెండోదీ అలాగే చేశాం. మూతలు మళ్ళీ అతికించి, పెట్టెల్లో బిగించి, సందులన్నీ మెత్తటి పుట్టీతో మూశాం. నొక్కి వదిలితే గిన్నె నిదానంగా తిరిగి వచ్చింది. అలా వస్తే గాలి ఎక్కడా పోవడం లేదని గుర్తు.

ఆ సాయంత్రం ఘంటసాల పాట పెట్టాం. పాట అయ్యేదాకా ఎవరూ మాట్లాడలేదు. భోజనాల దగ్గర రోజ్‌మేరీ సంగతి చెప్పాను. మావయ్యగారు కాసేపు కంచంలోకి చూస్తూ ఉండిపోయారు. తర్వాత అత్తయ్యతో, "ఆ రోజు నీ మిషనే తెచ్చుకోవాల్సింది" అన్నారు.

"ఈ మాట అనడానికి ఇన్నేళ్ళు పట్టిందా?" అంటూ అత్తయ్య ఆయనకి ఇంకాస్త పప్పు వడ్డించింది.

స్పీకర్లు ఇప్పుడు హాల్లో ఉన్నాయి. మీ అటక మీద కూడా ఇలాంటివి ఉంటే, అమ్మేముందు ఒక్కసారి అంచు చూడండి. అవి ఇంటికొచ్చిన రోజు ఏం వదులుకున్నారో పెద్దావిణ్ణి కూడా అడగండి.